మౌఖికంగా తెలియజేశారు

ఆ ఎండాకాలం మా ఆఫీసులో హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ రిటైరయ్యాడు. ముప్ఫై నాలుగేళ్లు ఒకే కుర్చీలో కూర్చున్న మనిషి. వీడ్కోలు సభలో నాలుగు మాటలు చెప్పమంటే లేచి నిలబడి, "కుర్చీకి ఎడమ కోడు కాస్త వదులు. వచ్చేవాళ్లు చూసుకుని కూర్చోండి" అని కూర్చున్నాడు. అందరూ నవ్వారు. మర్నాడు నోటీసు బోర్డు మీద సీనియారిటీ లిస్టు అతికించారు.

మాది సర్వే ఆఫీసు. ఫీల్డులో కొలిచి తెచ్చిన అంకెల్ని మేం హాల్లో కూర్చుని పటాలుగా గీస్తాం. పదకొండు బల్లలు, ఉత్తరం వైపు పొడుగాటి కిటికీలు. వెలుతురు కావాలి గానీ ఎండ పడకూడదు. కాగితాలు ఎగురుతాయని ఎండాకాలంలో కూడా ఫ్యాన్లు ఒంటిగంట దాకా వెయ్యరు. మూడో బల్ల మా ఆవిడది, ఏడో బల్ల నాది. ఆమె నాకంటే పద్నాలుగు నెలలు ముందు చేరింది. నేను చేరిన రోజు సిరా పెన్ను ఎంత వాలులో పట్టుకోవాలో చూపించింది ఆమే. అప్పట్లో నేను ఆమెని "మేడమ్, మీరు" అనేవాణ్ణి, ఆమె నన్ను "నువ్వు" అనేది. పెళ్లయ్యాక అది తిరగబడింది. ఎవరూ చెప్పలేదు, దానంతటదే తిరగబడింది.

లిస్టులో మొదటి పేరు ఆమెది, రెండోది నాది. పోస్టు ఒకటే. కింద ఒక లైను టైపు చేసి ఉంది: "ఈ పోస్టుకు కనీసం రెండు ఫీల్డు సీజన్ల అనుభవం తప్పనిసరి." ఎవరో పెన్సిలుతో ఆమె పేరు పక్కన సున్నా చుట్టారు. నా పేరు పక్కన అయిదు వేశారు.

ఫీల్డు సీజనంటే పంటలు కోసేశాక, వానలు పడకముందు, నేల కళ్లకి ఖాళీగా కనపడే రెండున్నర నెలలు. గుడారాల్లో ఉండి, పొద్దున్నే కొలతలు మొదలుపెట్టి, ఎండ నెత్తికెక్కేలోపు ఒక విడత ముగించాలి. మా హాల్లో ఐదుగురు ఆడవాళ్లున్నారు. ఒక్కళ్లనీ ఎప్పుడూ ఫీల్డుకి పంపలేదు. పంపకూడదని రూలేం లేదు. పంపేవాళ్లు కాదు, అంతే.

హాల్లో వాళ్లు నా భుజం తట్టడం మొదలుపెట్టారు. పదో బల్ల అతను మా ఇద్దరికీ వినపడేలా, "ఏ చేత్తో తింటే ఏముందిలే, కడుపొక్కటేగా" అన్నాడు.

మా ఆవిడ పెన్నులో సిరా పోసుకుంటోంది. తల ఎత్తకుండానే, "చేతులు రెండైనా తినేది కుడిచెయ్యే. ఎడంచెయ్యి గిన్నెలు తోముతుంది" అంది.

అతను నవ్వాలో వద్దో తెలీక నా వైపు చూశాడు. నేను స్కేలు తుడుచుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె అప్పీలు రాయడానికి కూర్చుంది. మా అమ్మ మోకాళ్లకి నూనె రాసుకుంటూ చూస్తోంది. మా పాప, అప్పుడు దానికి ఎనిమిదేళ్లు, అదే బల్లకి రెండోవైపు కూర్చుని ఎక్కాలు రాస్తోంది.

"నన్ను ఫీల్డుకి పంపండని మూడుసార్లు అడిగాను" అంది ఆమె. "నోటితో కాదు, కాగితం పెట్టి. మూడుసార్లూ ఒకటే జవాబు. పరిశీలించడమైనది, వీలుపడదు. వాళ్లే పంపకుండా, ఇప్పుడు వెళ్లలేదుగా అంటే ఎలా?"

"అప్పీలు చేసుకో" అన్నాను.

మనస్ఫూర్తిగానే అన్నాను. ఆమె గెలిస్తే నా పోస్టు పోతుందని తెలుసు. ఆమె గెలవదని కూడా లోపల ఎక్కడో అనుకున్నాను. రెండూ నిజమే.

మా ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ గుమాస్తా ఒకాయన ఉండేవాడు. అందరూ ఆయన్ని రూల్సు బాబాయ్ అనేవాళ్లు. వానలో గొడుగు తెరవడానికి కూడా ఏ రూలు కిందో చెప్పగలడు. మర్నాడు టీ దగ్గర అప్పీలు కాగితం చదివి, ఆమెకి తిరిగిచ్చేశాడు.

"బాగుందమ్మా. కానీ ఇది గాల్లో కత్తి తిప్పినట్టుంది. ఎందుకు పంపలేదో ముందు తెలుసుకో."

"వీలుపడదు అని రాశారుగా బాబాయ్."

"అది నీకు పంపిన జవాబు. లోపల నోట్ ఫైలని ఒకటుంటుంది. గవర్నమెంటు ఆఫీసులో గాలి ఎటు వీచినా దాంట్లో రాసి ఉంటుంది. నీ ఫైలు నువ్వు చూసుకునే హక్కు నీకుంది. దరఖాస్తు పెట్టు. పది రోజుల్లో చూపించి తీరాలి."

ఆమె ఆ పూటే దరఖాస్తు పెట్టింది. నేను గ్లాసులో టీ అడుగు చూస్తూ నిలబడ్డాను. నాకు ఒక సంగతి గుర్తొచ్చింది.

నాలుగేళ్ల కిందటి మాట. డైరెక్టరుగారు వరండాలో ఎదురయ్యాడు. చేతిలో ఏవో కాగితాలున్నాయి. నడుస్తూనే అడిగాడు, "ఏమయ్యా, మీ ఆవిడ ఫీల్డుకి వెళ్తానంటోంది. నువ్వేమంటావ్?"

నేను నవ్వాను. అదొకటి గుర్తుంది. నవ్వి, "పాప చిన్నది సార్. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. కొంచెం ఇబ్బందే" అన్నాను.

"అదే నేనూ అనుకున్నా" అని ఆయన వెళ్లిపోయాడు.

అర నిమిషం కూడా పట్టలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి చెప్పాలని కూడా నాకు తోచలేదు. దాచిపెట్టానని కాదు, చెప్పుకోదగ్గ సంగతని అనిపించలేదు. ఆమె కాగితానికి జవాబు వచ్చినప్పుడు మొహం చిన్నబుచ్చుకుంటే, "పోనీలే, వచ్చే ఏడు చూద్దాం" అన్నది కూడా నేనే.

అది ఫైల్లో రాసి ఉంటుందా? వరండాలో అన్న మాట ఎవరు రాస్తారు? అలా నాకు నేనే నచ్చజెప్పుకుంటూ పది రోజులు గడిపాను. ముందే చెప్పేద్దామని ఒకటి రెండుసార్లు అనుకున్నాను. ఒకసారి బస్‌స్టాపులో నిలబడి ఉన్నాం. ఎండ మండిపోతోంది. బస్సు ఆలస్యం.

"నీకొకటి చెప్పాలి" అన్నాను.

"చెప్పండి."

ఆమె మొహం నా వైపు తిప్పింది. ఏ అనుమానమూ లేదు ఆ మొహంలో.

"ఏం లేదు. నీళ్ల సీసా తెచ్చావా?" అన్నాను.

తీసి ఇచ్చింది. తాగాను.

పదో రోజు మధ్యాహ్నం రికార్డు గదిలో ఫైలు చూపించారు. గుమాస్తా ఒకడు ఎదురుగా కూర్చుంటాడు, కాగితం చింపకుండా. నకలు తీసుకోకూడదు గానీ పెన్సిలుతో రాసుకోవచ్చు. ఆమె లోపల ఇరవై నిమిషాలు ఉంది. నేను ఏడో బల్ల దగ్గర ఒక వాగు ఒడ్డుకి సిరా గీస్తున్నాను. చెయ్యి బాగానే ఉంది. గీత ఎక్కడా వణకలేదు. ఆ మాట ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత ఆ పటం తీసి చూసుకున్నాను.

ఆమె బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. సంచి సర్దుకుంది. ఒక పూట సెలవు రాసిచ్చి వెళ్లిపోయింది.

నేను ఇంటికి వెళ్లేసరికి అన్నం వండి ఉంది. పాప పక్కింట్లో ఆడుకుంటోంది. నేను కాళ్లు కడుక్కుని కూర్చున్నాక, ఆమె నా పళ్లెం పక్కన ఒక కాగితం పెట్టింది. పటాల మీద ఊళ్ల పేర్లు రాసే అక్షరాలవి. ఒకే ఎత్తు, ఒకే వాలు.

"అభ్యర్థి భర్తను విచారించగా, పాప చిన్నదనియు, తల్లికి మోకాళ్ల నొప్పులనియు, ఫీల్డుకు పంపుట తమకు ఇష్టము లేదనియు మౌఖికంగా తెలియజేశారు. కావున పరిశీలించనక్కరలేదు."

"నిజమేనా?" అంది.

"ఇష్టం లేదని అనలేదు. ఇబ్బంది అన్నాను."

"మిగతాది?"

"నిజమే."

"మూడుసార్లూ అడిగారా మిమ్మల్ని?"

"ఒక్కసారే. తర్వాత రెండుసార్లూ పాతది చూసి రాసుంటారు."

"ఒక్కసారి చాలిందన్నమాట." ఆమె కూర గిన్నె నా వైపు జరిపింది. "ఆ ఏడు ఎండాకాలం మీరెక్కడున్నారో గుర్తుందా?"

గుర్తుంది. ఫీల్డులో ఉన్నాను.

"రెండున్నర నెలలు" అంది ఆమె. "పాప అప్పటికి పెద్దదైందా? అత్తయ్య మోకాళ్లు తగ్గాయా?"

నేను కూర వడ్డించుకున్నాను.

"నన్నడిగితే నేనేమనేదాన్నో తెలుసా మీకు?"

"వెళ్తాననేదానివి."

"అందుకే అడగలేదు."

నా దగ్గర ఉన్న ఒక్క జవాబూ ఆమే చెప్పేసింది.

మా అమ్మ ఇదంతా గుమ్మం దగ్గర కూర్చుని వింటోంది. లేచి, గోడ పట్టుకుని నడిచి వచ్చి, ఆ కాగితం తీసి కళ్లజోడు పెట్టుకుని చదివింది. చదివి నా మీద విరుచుకుపడింది.

"నా మోకాళ్లెందుకు రాశార్రా ఇందులో?"

"నేను రాయలేదమ్మా."

"చెప్పింది నువ్వేగా! నా కాళ్లు నొప్పెడుతున్నాయని నీతో ఎప్పుడన్నాను? నువ్వు ఫీల్డుకెళ్లినప్పుడు ఈ మోకాళ్లతోనేగా దాన్ని బడికి దింపొచ్చింది! అడ్డం పెట్టుకోవడానికి నీకు నా కాళ్లే దొరికాయా? పైగా గవర్నమెంటు ఫైలుకెక్కించావు."

మా ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకోలేక నవ్వింది. అమ్మకీ నవ్వొచ్చింది. నేనూ నవ్వబోయాను. నేను మొదలుపెట్టగానే వాళ్లిద్దరూ ఆపేశారు.

తర్వాత ఇంట్లో గొడవేం జరగలేదు. ఎప్పటిలాగే ఒకే బస్సులో వెళ్లేవాళ్లం, ఒకే బస్సులో వచ్చేవాళ్లం. పప్పు అయిపోయిందంటే చెప్పేది, పాప బడి మీటింగు ఉందంటే చెప్పేది. అవసరమైనవి అన్నీ చెప్పేది. అవసరం లేనివి చెప్పడం మానేసింది. పన్నెండేళ్ల కాపురంలో మేం మాట్లాడుకున్నవాటిల్లో ముప్పాతిక భాగం అవసరం లేనివేనని నాకప్పుడు తెలిసింది.

ఆమె అప్పీలు పెద్దాఫీసుకి వెళ్లింది. వాళ్లు మా ఆఫీసుని వివరణ అడిగారు. డైరెక్టరుగారు నన్ను గదిలోకి పిలిచాడు.

ఆయన చెడ్డవాడు కాదు. అది కూడా చెప్పాలి. కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు.

"ఆడపిల్లని తీసుకెళ్లి కొండల్లో గుడారంలో పెడితే, రేపేదన్నా అయితే ఎవరు జవాబు చెప్తారయ్యా? మీ మంచికేగా మేం చేసింది. ఇప్పుడు చూడు, మన మీదే పితూరీ."

"అవును సార్" అన్నాను. అలవాటుగా వచ్చింది ఆ మాట.

సొరుగు లాగాడు. అందులోంచి ఒక కాగితం తీసి నా ముందుకి తోశాడు. టైపు చేసి ఉంది. "...... తేదీన మేమిరువురం చర్చించుకుని, ఫీల్డుకు వెళ్లరాదని పరస్పర అంగీకారంతో నిర్ణయించుకున్నాము." కింద సంతకానికి ఒక గీత.

"నీ ప్రమోషన్ ఆర్డరు కూడా ఇందులోనే ఉంది" అని సొరుగు చూపించాడు. "తయారుగా ఉంది. ఇది వస్తే అది కదుల్తుంది. బెదిరింపు కాదు, ఉన్నమాట చెప్తున్నా. ఎవరికొచ్చినా మీ ఇంటికే కదా."

"ఇక్కడ ఒకటే గీత ఉంది సార్. ఆవిడ సంతకం?"

"నీది చాలు" అన్నాడు.

కాగితం తెచ్చుకుని నా బల్ల మీద పరుచుకున్నాను. చుట్టూ అందరూ పనిలో ఉన్నారు. నేను సంతకం పెట్టనని గట్టిగా నిశ్చయించుకుని కూర్చున్నానని చెప్తే అది అబద్ధం. పెడదామనే కూర్చున్నాను. ఆ పోస్టు నాకు కావాలి. అయిదు సీజన్లు ఎండలో ఊరికే తిరగలేదు. ముందు తేదీ నింపి తర్వాత సంతకం పెడదామని పెన్ను తీశాను.

ఏ తేదీ వెయ్యాలి?

నాలుగేళ్ల కిందటి ఆ నెలంతా గుర్తు చేసుకున్నాను. పాపకి ఆటలమ్మ పోసింది. వంటింటి పైపు పగిలింది. కిటికీలకి ఏ రంగు తెరలు వెయ్యాలని రెండు రోజులు వాదించుకున్నాం, చివరికి ఆమె అన్న రంగే వేశాం. అన్నీ మాట్లాడుకున్నాం. ఇదొక్కటే మాట్లాడుకోలేదు. మా పనిలో ఒక పద్ధతుంది. ఫీల్డులో కొలవని చోట మేం గీత కలపం. అటూ ఇటూ ఎంత తిన్నగా కనిపించినా కలపం, ఖాళీ వదిలేసి ఫీల్డుకి తిప్పి పంపుతాం. పద్నాలుగేళ్లుగా చేస్తున్న పని. చెయ్యి కదల్లేదు.

స్కేలు పెట్టి ఆ టైపు లైను కొట్టేశాను. కింద రాశాను: "అటువంటి చర్చ జరగలేదు. నన్ను అడిగారు. ఆమెను అడగలేదు. నేను కూడా అడగలేదు." సంతకం పెట్టి ఆ రోజు తేదీ వేశాను.

డైరెక్టరుగారి గదికి వెళ్లకుండా దాన్ని నేరుగా రూల్సు బాబాయ్‌కి ఇచ్చాను, అప్పీలు ఫైల్లో చేర్చమని. ఆయన చదివి, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"నకలు ఉంచుకున్నావా?"

"లేదు బాబాయ్."

"ఉంచుకో. మంచి పని చేసినా నకలు ఉండాలి" అని ముద్ర గుద్దాడు.

ఇంట్లో చెప్పలేదు. చెప్తే దానికి బదులు ఏదో అడుగుతున్నట్టుంటుందని.

విచారణకి పెద్దాఫీసు నుంచి ముగ్గురు వచ్చారు. మా హాల్లోనే రెండు బల్లలు కలిపి కూర్చున్నారు. వాళ్లలో పై అధికారి ఒకావిడ, ఆవిడకి జలుబు. మాటకి ముందొకసారి, మాట తర్వాత ఒకసారి ముక్కు తుడుచుకునేది. నన్ను పిలిచి, నేను రాసింది పైకి చదివి, "ఈ రాత మీదేనా?" అంది. "నాదే" అన్నాను. "దీనివల్ల మీకు పోస్టు పోవచ్చు, తెలుసా?" అంది. "తెలుసు" అన్నాను. అంతే, కూర్చోమంది. మా ఆవిడ అప్పుడు తల తిప్పి నన్ను చూసింది. ఏ తప్పు జరిగిందోనని పటాన్ని చూసినట్టు, కాసేపు చూసింది.

డైరెక్టరుగారు లేచి కుటుంబ పరిస్థితుల గురించి చెప్పుకొచ్చాడు. ఆవిడ మొత్తం విని అడిగింది.

"ఈ హాల్లో మగవాళ్లని ఫీల్డుకి పంపేటప్పుడు వాళ్ల భార్యల్ని విచారించారా?"

డైరెక్టరుగారికి అర్థం కాలేదు. "మేడమ్?"

"ఇన్నేళ్లలో ఎవరో ఒకరి భార్యని? ఆయన్ని పంపడం మీకు ఇబ్బందా అని?"

ఒంటిగంట దాటినా ఫ్యాను వెయ్యాలని ఎవరికీ తోచలేదు.

"ఆ పద్ధతి లేదు మేడమ్" అన్నాడాయన.

"సరే" అని ఆవిడ రాసుకుంది. ముక్కు తుడుచుకుని మా ఆవిడ వైపు తిరిగింది. "సీజను ఇంకా నలభై రోజులుంది. ఇప్పుడు పంపితే వెళ్తారా?"

"ఎప్పుడండీ?"

"సోమవారం."

"జీపు ఎన్ని గంటలకి?" అంది మా ఆవిడ.

అందరూ నవ్వారు. జలుబావిడ కూడా నవ్వి, తుమ్మింది.

సోమవారం జీపులో ఇద్దరు వెళ్లారు, మా ఆవిడా, ఐదో బల్ల అమ్మాయీ. టోపీ, నీళ్ల క్యాను, మందుల పెట్టె ఆమే సర్దుకుంది. నా పాత ఫీల్డు సంచి ఇస్తానన్నాను. "వద్దు, కొత్తది కొనుక్కున్నా" అంది. పాపని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. అమ్మతో "వెళ్లొస్తానత్తయ్యా" అంది. నాతో, "గురువారం దానికి పరీక్ష" అంది.

ఆ నలభై రోజుల గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. జడలు వెయ్యడం నేర్చుకున్నాను. మొదటి రోజు పాప అద్దంలో చూసుకుని, "నాన్నా, ఒకటి ఉత్తరానికీ ఒకటి దక్షిణానికీ పోతున్నాయి" అంది. అన్నం రెండుసార్లు మాడింది, ఒకసారి ముద్దయింది. అమ్మ నాకు వంట చెప్తూ కుర్చీలో కూర్చునేది. చెయ్యి సాయం మాత్రం చెయ్యలేదు. "నాకు మోకాళ్ల నొప్పులు. కావాలంటే ఫైలు చూసుకో" అనేది. వారం తిరిగేసరికి అన్నీ ఒక దారిలో పడ్డాయి. ఇల్లేం మునిగిపోలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మునిగిపోయి ఉంటే నాలుగేళ్ల కిందట నేనన్నదాంట్లో కాస్తన్నా నిజముండేది.

ఇరవై తొమ్మిదో రోజు పెద్దాఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. ఆఫీసు తనే పంపని మనిషికి ఫీల్డు అనుభవం లేదనడం చెల్లదని, సీనియారిటీ ప్రకారం హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ పోస్టు ఆమెదేనని, ఇకమీదట ఫీల్డు వంతుల్లో అందరి పేర్లూ ఉండాలని, ఎవరినైనా అడగాలంటే ఆ మనిషినే అడగాలని. నా ప్రస్తావన ఒక్కచోటే ఉంది, "రెండవ అభ్యర్థి" అని. డైరెక్టరుగారు నన్ను పిలిచి కాగితం ఇచ్చాడు. "రేపు క్యాంపుకి జీపు వెళ్తోంది. నువ్వే తీసుకెళ్లి ఇవ్వు" అన్నాడు. ఎందుకు నాకే ఇచ్చాడో తెలీదు. ఎకసెక్కమో, మర్యాదో. నేనడగలేదు.

జీపు పొద్దున్నే బయల్దేరి తొమ్మిదింటికి చేరింది. ఎర్రటి గుట్టలు, ఎండిపోయిన గడ్డి. ఆమె గుడారం దగ్గర లేదు. అరమైలు అవతల, మూడుకాళ్ల స్టాండు మీద ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ బిగించుకుని వంగి చూస్తోంది. మొహం నల్లబడింది. చేతులు మోచేతుల దాకా ఒక రంగు, పైన ఒక రంగు. ముక్కు మీద తోలు ఊడింది. ఐదో బల్ల అమ్మాయి పక్కనే బండ మీద కూర్చుని అంకెలు రాసుకుంటోంది.

ఆర్డరు ఇచ్చాను. చదివింది. మళ్లీ మొదట్నుంచి చదివింది. మడిచి ఫీల్డు పుస్తకంలో పెట్టుకుంది.

"పాపకి మార్కులెన్ని?" అంది.

"ఎనభై రెండు. ఎక్కాల్లో పోయాయి."

"పదమూడోదేగా?"

"అదే."

తల ఊపింది. "ఎండెక్కేలోపు ఆ గుట్ట అయిపోవాలి. కర్ర పట్టే మనిషికి జ్వరం. మీరు నిలబడతారా?"

కొలతల కర్ర తీసుకుని వెళ్లాను. నేను ఫీల్డులో ఉన్న ఐదు సీజన్లూ లెవెల్ దగ్గరే ఉన్నాను. కర్ర ఎప్పుడూ పట్టలేదు. పాతరకం లెవెల్ అద్దంలో మనిషి తలకిందులుగా కనిపిస్తాడు. అలా ఎందర్నో చూశాను. అవతలి వైపు నిలబడితే మనకేమీ కనపడదు, దూరాన వంగిన ఒక మనిషి తప్ప. ఆమె కుడిచెయ్యి చాచింది. కుడికి జరిగాను. ఇంకా, ఇంకా. చెయ్యి దించింది. ఆగాను. రెండు చేతులూ పైకెత్తి దగ్గరికి తెచ్చింది, కర్ర వాలిందని. తిన్నగా పెట్టాను. చెమట కళ్లలోకి కారుతోంది. తుడుచుకుంటే కర్ర కదుల్తుంది. తుడుచుకోలేదు. ఆమె చూసింది, ఏదో అంకె చెప్పింది, అమ్మాయి రాసుకుంది. చెయ్యి ఊపింది, తర్వాతి చోటికి వెళ్లమని. అలా పదిహేడు చోట్ల నిలబడ్డాను.

పని అయ్యాక గుడారం నీడలో కూర్చున్నాం. ఐదో బల్ల అమ్మాయి నీళ్ల కోసం జీపు వైపు వెళ్లింది.

"నా మీద ఇంకా కోపంగా ఉందా?" అన్నాను. ఇన్ని రోజుల్లో అడగడం అదే మొదలు.

ఆమె బూటు విప్పి అందులోంచి రాయి దులుపుకుంది.

"మొదట్లో ఉండేది. ఆ కాగితం మీద మీరు రాసింది చూశాక చాలావరకు పోయింది." మళ్లీ బూటు తొడుక్కుని తాడు ముడి వేసింది. "ఇప్పుడది కాదు. ఇక్కడికొచ్చిన మూడో రోజు పొద్దున్న ఆ పై గుట్ట ఎక్కాను. ఇన్నేళ్లూ నేను కాగితం మీద గీసినవన్నీ కింద నిజంగా ఉన్నాయి. వాగు, గట్టు, బాట. అలా చూస్తూ ఉండిపోయాను. ఆ అమ్మాయి పిలిస్తే గానీ దిగలేదు. ఈ పని నాకు ఇంత ఇష్టమని నాకే తెలీదు." టోపీతో విసురుకుంది. "నాలుగేళ్ల కిందటే తెలిసుండేది. అంతే. అదొక్కటే గుర్తొస్తుంటుంది."

క్షమించమని అడగాలనుకున్నాను. ఆ మాట అడిగితే, నాలుగు సీజన్లు తిరిగి ఇవ్వలేనివాణ్ణి ఇంకేం పుచ్చుకుందామని అడుగుతున్నట్టు అనిపించింది. ఊరుకున్నాను. ఆమె పుస్తకం తెరిచి పొద్దుటి అంకెలు కూడుకోవడం మొదలుపెట్టింది. ఒకచోట ఆగి, "ఇది ఏడా, ఒకటా?" అని నా వైపు తిప్పింది.

"ఏడు" అన్నాను.

"నాకూ ఏడే అనిపించింది" అని దిద్దుకుంది.

మధ్యాహ్నం జీపులో నేనొక్కణ్ణే తిరిగొచ్చాను. ఆమె సీజను ఇంకా పది రోజులుంది.